పడిపోయినచో విజయము

"ఈ క్షణం నుంచీ మన పార్టీలో కాగితమనేది ఉండదు!"

సమస్త ప్రజా ఉద్ధరణ పార్టీ రాష్ట్ర అధ్యక్షులవారు చెన్నై మహాసభలో ఈ ప్రకటన చేసేసరికి చప్పట్లతో షామియానా ఊగిపోయింది. ఆయన్ని కార్యకర్తలంతా 'తలైవర్' అంటారు. కాగితం ఉండదన్న మాటను ఆయన కాగితం చూసి చదివారు గాని, అది చాలా చిన్న సంగతి. అంతటి మహానుభావుల విషయంలో మనం చిన్న సంగతులు పట్టించుకోకూడదు.

"ఇక మీదట అన్నీ ఈమెయిల్లోనే. వచ్చేది వస్తుంది. వచ్చేవాడికి వస్తుంది. రానివాడికి..." అని తలైవర్ ఆగారు. సభంతా ఊపిరి బిగబట్టింది. ఆయన మంచినీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, కూర్చున్నారు. అంతటితో ప్రసంగం అయిపోయింది.

తలైవర్ గొప్పతనమంతా ఆయన మాట ఎవరికీ అర్థం కాకపోవడంలోనే ఉంది. అర్థమయ్యేలా మాట్లాడిన నాయకుడు ఈ దేశంలో ఎన్నాళ్ళు నిలిచాడో మీరే చెప్పండి. ఇవాళ అన్నమాటను రేపు నిలదీస్తారు. అర్థం కాని మాటను నిలదీసే మొనగాడెవడు? అందుకని ఆ పార్టీలో ఒక ఆచారం స్థిరపడింది. సభలో తలైవర్ మాట్లాడతారు. సభ అయ్యాక టీకొట్టు దగ్గర తెలిసినవాళ్ళు దానికి అర్థం చెబుతారు. ఉత్తర చెన్నై మొత్తంలో అలా అర్థం చెప్పగల ఘటం వ్యాసర్పాడి రంగనాథం ఒక్కడే. ఒకసారి తలైవర్ వేదిక మీద గట్టిగా దగ్గితే, "పొత్తు తెగిపోయినట్టే" అన్నాడాయన. వారం తిరక్కుండా తెగిపోయింది. దగ్గు కూడా తగ్గిపోయిందనుకోండి, అది వేరే విషయం.

ఆరోజు కూడా జనం టీకొట్టు దగ్గర ఆయన చుట్టూ మూగారు.

"అన్నా, రానివాడికి ఏమంటా?"

రంగనాథం టీ చప్పరించి, కళ్ళు మూసి తెరిచాడు. "మెయిలు రానోడికి టికెట్టు రాదు. ఇందులో అర్థం గాకపోయేదానికి ఏముండాది?"

అందరూ తలలూపారు గాని, రంగనాథానికి అసలు ఈమెయిల్ అడ్రసే లేదు. ఆయన తాతగారు రైల్వే యార్డులో పనికని వచ్చి వ్యాసర్పాడిలో స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, పార్టీలో మౌనం - ఇదీ రంగనాథం భాషాజ్ఞానం. గోడలకు పోస్టర్లు అంటించే దశనుంచి, గొంతు చించుకుని నినాదాలిచ్చే దశ దాటి, అర్థాలు చెప్పే దశకు వచ్చాడు. ఆయనకున్న కోరిక ఒక్కటే, కార్పొరేషన్ కౌన్సిలర్ టికెట్టు. ప్రతి ఎన్నికకూ తలైవర్ ఆయన భుజం తట్టి, టికెట్టు ఇంకొకరికి ఇచ్చేవారు. ఆ భుజం మీద తలైవర్ తట్టని చోటంటూ లేదు. మోకాళ్ళు చూస్తే మొరాయిస్తున్నాయి, బంధువులు చూస్తే ముసిముసిగా నవ్వుతున్నారు. ఈసారి కాకపోతే ఇక ఎప్పటికీ కాదని ఆయనకు తెలుసు.

కోడలు హైందవి ఆయనకో ఈమెయిల్ అడ్రసు తయారుచేసి పెట్టింది. ఆ పిల్లది బెజవాడ. అంబత్తూరులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టరు, అంటే ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే ఉద్యోగం. తలైవర్ మెయిలు దారి తప్పకూడదని రంగనాథం ఆ అడ్రసును తన బొమ్మ పక్కన పెద్దపెద్ద అక్షరాలతో పేటలో దొరికిన గోడకల్లా రాయించాడు. అది చాలదని ఇంటర్నెట్టులో కనిపించిన ప్రతి చోటా పెట్టించాడు.

"మావయ్యగారూ, అడ్రసు అలా ఊరంతా చాటకూడదండీ, ఎవరెవరో పంపిస్తారు" అంది హైందవి.

"ఎవురెవురో పంపితే మంచిదే గదమ్మా! ఎవురూ పంపకపోతేనే గదా కష్టం" అన్నాడు రంగనాథం.

పదిహేను రోజులు ఏమీ రాలేదు. ఆయన అన్నం సయించక, ఫోను అరచేతిలోనే పెట్టుకుని తిరిగాడు. ఒక ఉదయం, పళ్ళు తోముకుంటుండగా అది టింగుమంది. ఇంగ్లీషు. 'తెలుగు చెయ్యి' అన్నచోట నొక్కాడు. ఫోను తనకు చేతనైనంత తెలుగు చేసింది.

"ప్రియమైన గౌరవనీయ, శుభము. పరీక్షింపని సాఫ్ట్‌వేరును విడుదల చేయరాదు. తయారు చేసినవాడు పరీక్షించరాదు. వేరొకడు నెట్టవలెను. పడిపోవువరకు నెట్టవలెను. పడిపోయినచో విజయము. వర్షాకాలమున గొర్రెను మేడమీద పండబెట్టవలెను. పరీక్షకుడు అలసిపోరాదు. ఫలితమును ఎవ్వరికీ నివేదించవలదు."

దాని కింద మోకాళ్ళ నొప్పుల నూనె సీసా బొమ్మ ఉంది.

"వరదా!" అని ఆయన పెట్టిన కేకకు భార్య వరదలక్ష్మి వంటింట్లోంచి గరిటెతో పరుగెత్తుకొచ్చింది. నోట్లో పేస్టు నురుగుతోనే ఆయన మెయిలంతా చదివి వినిపించాడు.

"ఏందయ్యా ఇది, ఒక్క ముక్కా అర్థం గాలా!" అంది వరదలక్ష్మి.

"అదేమే! ఒక్క ముక్కా అర్థం గాలేదంటే ఇది ఎవురు రాసింది? చెప్పు!"

హైందవి ఫోను తీసుకుని చూసి నవ్వింది. "ఇది స్పామండీ మావయ్యగారూ. కింద ఆ నూనె అమ్ముకోడానికి పంపుతారు. ఉత్త ప్రకటనైతే కంప్యూటరు గుమ్మంలోనే ఆపేస్తుంది కదా, అందుకని పైన ఏదో ఒక చెత్త నింపుతారన్నమాట. మా టెస్టింగు పుస్తకాల్లోంచి ఇక్కడో ముక్కా అక్కడో ముక్కా పీకి కలిపేశారు. గొర్రె ఎక్కణ్ణించి దూరిందో మరి! తీసి పారేద్దామా?"

"తీసి పారేస్తావా? తలైవర్ ఉత్తర్వు?" రంగనాథం ఫోను లాక్కుని గుండెకు హత్తుకున్నాడు. ఆ నూనె బొమ్మను తలుచుకుంటే ఆయన కళ్ళు చెమర్చాయి. "నా మోకాళ్ళ నొప్పి ఆయనకెట్టా తెలిసిందో చూడు మే వరదా! పైకి చెప్పరు గాని, మనసులో ఉండాది."

"అది కాదండీ, సాఫ్ట్‌వేరుకీ మీ పార్టీకీ ఏమిటి సంబంధం?"

"తలైవర్ ఏపొద్దన్నా సంబంధం ఉండే మాట చెప్పినారా?" అన్నాడు మామగారు. హైందవి చెప్పులు వేసుకుంది. క్యాబు వచ్చిందని వెళ్ళిపోయింది.

ఇక అమలు. తలైవర్ పుట్టినరోజు కానుకగా పార్టీ డబ్బుతో మార్కెట్టు దగ్గర ఒక బస్ షెల్టరు కట్టారు. కట్టినవాడు జిల్లా కార్యదర్శి ప్రేమ్‌నాథ్ బావమరిది వెంకట్రామ్. రంగులు వేశారు, రిబ్బను కట్టారు, ప్రారంభోత్సవమే తరువాయి. పరీక్షింపనిది విడుదల చేయరాదని ఉత్తర్వు స్పష్టంగా ఉంది కాబట్టి, రంగనాథం తన మనుషులతో అక్కడికి చేరుకున్నాడు. స్తంభానికి దండ వేశాడు. గుమ్మడికాయ కొట్టించాడు. తయారుచేసినవాడు నెట్టకూడదు, వేరొకరు నెట్టాలి. ఎదురుగా ఇడ్లీలమ్మే లూర్దుమేరి కనిపించింది.

"అక్కా, ఒక్క నిమిషం రా. దీన్ని తొయ్యి."

"ఎందుకన్నా? నిలబడే ఉండాది గదా?"

"నిలబడుండాదనే తొయ్యమంటాండా. మేలిడం ఆర్డరు."

మేలిడం అంటే పైవాళ్ళు. ఆ మాట వింటే ఎవరూ ఇంకేమీ అడగరు. లూర్దుమేరి పిండి చెయ్యి చీరకు తుడుచుకుని, స్తంభం మీద అరచెయ్యి ఆనించింది. తోసిందని కూడా అనలేం, ఆనించిందంతే. షెల్టరు ఒకసారి ఒళ్ళు విరుచుకుని, నిదానంగా, ఎవరినీ నొప్పించకుండా నేలమీద కూర్చుంది. కార్యకర్తలు బిక్కమొహాలు వేసుకుని రంగనాథం వైపు చూశారు. ఆయన ఫోను తీసి, గొంతు సవరించుకుని చదివాడు.

"పడిపోయినచో విజయము!"

అంతే, టపాసులు పేలాయి. లూర్దుమేరికి శాలువా కప్పారు. ఆ హడావిడిలో ఆవిడ ఇడ్లీలన్నీ అమ్ముడుపోయాయి.

టపాసుల పొగ తగ్గకముందే ప్రేమ్‌నాథ్ కారు దిగాడు. మొహం జేవురించి ఉంది. "ఏమయ్యా రంగనాథం, మండలో మెదడుండాదా లేదా నీకు? ఎవురు చెప్పింది దీన్ని పడగొట్టమని?"

"తలైవర్ చెప్పినారన్నా."

"నాకు చెప్పకుండా నీకు చెప్పినారా?"

"మెయిలు వచ్చిందిగదన్నా." రంగనాథం అమాయకంగా ఫోను చూపించాడు. "ఏం, మీకు రాలేదా?"

వచ్చేవాడికి వస్తుంది, రానివాడికి... అన్న మాట అక్కడున్న ప్రతివాడికీ ఒకేసారి గుర్తొచ్చింది. ప్రేమ్‌నాథ్ ఆ ఫోను వైపు చూశాడు, జనం వైపు చూశాడు, నేలమీద కూర్చున్న షెల్టరు వైపు చూశాడు. తేలు కుట్టిన దొంగలా ఒక్క క్షణం లోలోపలే గిలగిల్లాడి, తేరుకున్నాడు.

"రాకుండా ఎట్టుంటుంది? నీకంటే ముందు నాకే వచ్చింది! నేను అడిగేది ఏందంటే, ఇంత లేటుగానా పడగొట్టేది?"

ఆ మాటతో ఉద్యమం రాజుకుంది. తనకు మెయిలు వచ్చిందని నిరూపించుకోవాలి కాబట్టి ప్రేమ్‌నాథ్ ఆ సాయంత్రమే సొంత బావమరిది కట్టిన స్వాగత ద్వారాన్ని నెట్టించాడు. విజయం సిద్ధించింది. మర్నాడు మంచినీళ్ళ పందిరి, ఆ మర్నాడు పార్టీ జెండా దిమ్మె. వెంకట్రామ్ ఏడుస్తూ అక్కగారింటికి వెళితే, ఆవిడ తలుపు తియ్యలేదు. పత్రికలు "సొంత అవినీతి మీద సమ్మెట దెబ్బ" అని పొగిడాయి. అది చదివి మిగతా జిల్లా కార్యదర్శులు ఉలిక్కిపడ్డారు. సాయంత్రానికల్లా అందరికీ మెయిలు వచ్చేసింది. అంటే వచ్చిందని అందరూ చెప్పారు. మైలాపూరు కార్యదర్శి తనకు పద్యరూపంలో వచ్చిందన్నాడు. చూపించమంటే, "ఎవ్వరికీ నివేదించవలదు అన్నారు గదా" అని చెంపలు వేసుకున్నాడు. అంతటి క్రమశిక్షణ ఏ పార్టీలో చూస్తాం చెప్పండి?

గొర్రె విషయంలో కూడా ఎవరూ అశ్రద్ధ చెయ్యలేదు. వానలు మొదలవగానే ప్రతి పార్టీ ఆఫీసు మేడమీదా ఒక గొర్రె వెలిసింది. దానికి చాప, దిండు, పార్టీ కండువా. అంబత్తూరు ఆఫీసుకు మేడ లేకపోతే హడావిడిగా కట్టించారు. కట్టింది మళ్ళీ వెంకట్రామే. నియమం ప్రకారం దాన్నీ పరీక్షించారు. గొర్రెకు ఏమీ కాలేదు.

ఇంతలో తలైవర్ పుట్టినరోజు వచ్చింది. కూడలిలో ఆయన నిలువెత్తు కటౌట్ పెట్టారు. నిలువెత్తంటే తలైవర్ నిలువు కాదు, మూడంతస్తుల మేడ నిలువు. తెల్లచొక్కా, చేతులు జోడించి చిరునవ్వు. ఇంత పెద్ద వస్తువును పరీక్షించకుండా ఎలా విడుదల చేస్తారు? ప్రేమ్‌నాథ్, రంగనాథం ఒకరినొకరు చూసుకున్నారు. వద్దనడానికి ఇద్దరికీ ధైర్యం చాలలేదు. చివరికి కార్యకర్తలు నెట్టారు. తలైవర్ చిరునవ్వు చెరక్కుండా బోర్లా పడ్డారు. వెంటనే అలవాటు ప్రకారం టపాసులు పేలాయి, "విజయము! విజయము!" అని కేకలు మిన్నుముట్టాయి. అదంతా ఎవరో వీడియో తీసి ఊరంతా పంచిపెట్టారు.

మర్నాడు పొద్దున్నే తలైవర్ బంగళా నుంచి కబురొచ్చింది. రంగనాథం ఒక్కడే రావాలి.

"నాపేరు చెప్పబాకు" అని ప్రేమ్‌నాథ్ ఫోను చేసి, పెట్టేశాడు.

రంగనాథం చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతున్నాడు. హైందవికి జాలేసింది. తన ఫోను తెచ్చి ఆయన ముందు పెట్టింది. "మావయ్యగారూ, ముందే చూపించాల్సింది. ఇదిగోండి, నాకూ వచ్చింది. చెత్త మెయిళ్ళు పడే డబ్బాలో ఉంది. మా ఆఫీసులో అందరికీ వచ్చింది."

ఆయన 'తెలుగు చెయ్యి' నొక్కి చదివాడు. అదే శుభము. అదే నెట్టుడు. అదే గొర్రె. కింద అదే నూనె.

"నీకెందుకు రాస్తారు మా తలైవరు? నువ్వు మా పార్టీకి ఓటు గూడా ఎయ్యవే" అన్నాడు నీరసంగా.

"అదేనండీ నేను మొదట్నించీ మొత్తుకునేది."

రంగనాథం కుర్చీలో కూలబడిపోయాడు. ఇన్నేళ్ళ ఆశ, ఇన్ని పోస్టర్లు, ఇన్ని భుజం తట్టుళ్ళు, అన్నీ ఒక నూనె సీసాలో కలిసిపోయాయి. ఆయనకు ఏడుపొచ్చింది, సిగ్గేసింది, చివరికి ఆకలి కూడా వేసింది.

"పొయ్యి కాళ్ళ మీద పడు. తెలీక చేసినానని చెప్పెయ్యి" అంది వరదలక్ష్మి, పెరుగన్నం కలిపి పెడుతూ. "టికెట్టు పోతే పోయింది పో. ఆడనించి మనిషిగా తిరిగొస్తే చాలు నాకు."

నిజం చెప్పేద్దామని నిశ్చయించుకునే ఆయన బంగళాకు బయల్దేరాడు. దారి పొడుగునా చెప్పవలసిన మాటలు వల్లించుకున్నాడు. తలైవర్ గదిలో ఉన్నవాళ్ళందరినీ పంపించేసి, తలుపు గడియ వేశారు. ఆ తర్వాత మాటలన్నీ అరవంలోనే జరిగాయి. మనం తెలుగులో చెప్పుకుందాం.

"తలైవా, తప్పయిపోయింది. ఆ మెయిలు..."

"ఆగు." తలైవర్ తన ఫోను తీసి చూపించారు. "ఇదేనా?"

శుభము. నెట్టవలెను. గొర్రె. రంగనాథం తలూపాడు. "ఇదే తలైవా."

"నీకెవరు పంపారు?"

"మీరే అనుకుని..."

"నేనెక్కడ పంపాను? నాకూ వచ్చింది. ఢిల్లీ వాళ్ళు పంపారనుకున్నాను."

రంగనాథం బిత్తరపోయాడు. తలైవర్ మాట్లాడిన ప్రతి ముక్కా అర్థమైంది. ఆ మహానుభావుడు అంత భయపడిపోయి ఉండగా ఆయన ఎన్నడూ చూడలేదు. అంతలో మేడమీద నుంచి గొర్రె అరిచింది. తలైవర్ తల దించుకున్నారు.

"నాకు రాసినట్టే నీకూ రాశారంటే..." అని కాసేపు ఆలోచించి, ఆయన రంగనాథాన్ని మొదటిసారిగా పైనుంచి కిందికి చూశారు. "కూర్చో" అన్నారు. ఈ పార్టీలో రంగనాథాన్ని కూర్చోమన్నవాడు లేడు. ఆయన కుర్చీ అంచుమీద ఆనీ ఆననట్టు కూర్చున్నాడు.

తలైవర్ ఢిల్లీకి ఫోను కలిపి, ఇద్దరికీ వినపడేలా బల్లమీద పెట్టారు. అవతల మాట్లాడేది పార్టీ తరఫున దక్షిణాది అంతా చూసుకునే పెద్దమనిషి. "సార్, ఆ టెస్టింగు మెయిళ్ళలో ఉన్నవన్నీ తు.చ. తప్పకుండా అమలు చేస్తున్నాం సార్. నిన్న నా కటౌట్ కూడా పడగొట్టించాను" అన్నారు తలైవర్.

అవతల ఎవరితోనో గుసగుసలాడిన చప్పుడైంది.

"గుడ్" అంది గొంతు. "వెరీ గుడ్. మొట్టమొదట అమలు చేసిందెవరు?"

"మా వ్యాసర్పాడి రంగనాథం సార్. ఇక్కడే ఉన్నాడు."

"ఈసారి అక్కడ టికెట్ ఆయనకే ఇవ్వండి."

రంగనాథం చెవులు గింగురుమన్నాయి. అడక్కుండా, కాళ్ళు పట్టుకోకుండా, భుజం తట్టించుకోకుండా టికెట్టు! వరదలక్ష్మి మొహం, నవ్విన బంధువుల మొహాలు కళ్ళముందు గిర్రున తిరిగాయి. లేచి ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియక ఫోనుకు పెట్టాడు.

అంతలో ఫోనులో గొంతు బాగా తగ్గింది. "అధ్యక్షులవారూ, ఒక్క మాట. మీలో మీరే ఉంచుకోండి. ఇక్కడ మా అందరికీ కూడా వస్తున్నాయి. ఇంకా పైనుంచి అనుకుంటున్నాం. పైవాళ్ళను అడిగితే బాగుండదు కదా. ఆ రంగనాథంగారిని కాస్త కనుక్కోండి, అవి పంపేదెవరో ఆయనకేమన్నా తెలుసేమో."

తలైవర్ రంగనాథం వైపు తిరిగారు. రంగనాథం నోటిదాకా నిజం వచ్చింది. నూనె వ్యాపారి సార్, అంటే చాలు. టికెట్టు పోతుంది, తలైవర్ పరువు పోతుంది, ఢిల్లీ పరువు పోతుంది. బతుకంతా పక్కవాళ్ళ మాటలకు అర్థాలు చెబుతూ వచ్చాడు. ఆయన సొంత మాట అడిగినవాళ్ళు ఇంతవరకూ లేరు. రంగనాథం కుర్చీలో వెనక్కి జరిగి, వీపు పూర్తిగా ఆనించి కూర్చున్నాడు.

"తెలుసు సార్" అన్నాడు. "కానీ చెప్పొద్దన్నారు."

తలైవర్ దిగ్గున లేచి నిలబడ్డారు. ఢిల్లీలో కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు ఫోనులో స్పష్టంగా వినిపించింది.